లండన్ ముసురు వెనక మంచు

మా అన్నయ్య కూతురు లండన్‌లో ఉంటుంది. ఫోన్ చేస్తే ఒకటే గోల: "బాబాయ్, పొద్దున పట్టిన ముసురు ఇంకా వదల్లేదు." ముసురంటే మా చెన్నై పశ్చిమ మాంబళంలోనూ తెలుసు, కాకపోతే అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. మిగతా రోజుల్లో కుండపోతగా కురిసి, గంటలో వెలిసిపోతుంది.

తేడా అంతా గాలి పైకెక్కే తీరులో ఉంది. 30, 60 డిగ్రీల అక్షాంశాల మధ్య, ధ్రువం వైపు చలిగాలీ దక్షిణపు వెచ్చగాలీ ఎదురుపడతాయి. ఒకదాంట్లో ఒకటి తొందరగా కలవవు. ఆ సరిహద్దుకు ఫ్రంట్ అని పేరు పెట్టింది నార్వేలోని బెర్గెన్ శాస్త్రవేత్తలు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్త కదా, యుద్ధరంగం మాటే నోట్లో ఆడింది.

వెచ్చగాలి తేలిక. అది చలిగాలి వీపు మీదుగా మెల్లగా జారుతూ ఎక్కుతుంది. ఆ వాలు ఎంత తక్కువంటే, చెన్నైలో బయల్దేరి నెల్లూరు చేరేసరికి ఒక్క కిలోమీటరు ఎత్తు ఎక్కినట్టు! సెకనుకు కొన్ని సెంటీమీటర్లే లేస్తుంది. అందుకే వందల కిలోమీటర్ల మేర దుప్పటి పరిచినట్టు మబ్బు, గంటల తరబడి సన్న వాన. వెనకాల వచ్చే చలిగాలి మాత్రం వెచ్చగాలి కిందికి గునపంలా దూరి ఎగదోస్తుంది. అక్కడ సన్నటి పట్టీలా జోరువాన పడుతుంది.

మబ్బులోని నీటి బిందువు ఎంత చిన్నదంటే, 2 మిల్లీమీటర్ల చినుకు కావాలంటే దాదాపు పది లక్షలు కలవాలి. ఎలా కలుస్తాయి? 1922లో వాతావరణ శాస్త్రవేత్త టోర్ బెర్గెరాన్ ఓస్లో దగ్గర అడవిలో నడుస్తూ ఒకటి గమనించాడు: బాగా చలిగా ఉన్నప్పుడు పొగమంచు చెట్ల మధ్య నేలదాకా దిగడం లేదు. కొమ్మల మీది మంచు, గాలిలోని ఆవిరిని లాగేసుకుంటోంది. మబ్బులోనూ అంతే. మంచు పలుకు బలుస్తుంది, చుట్టూ ఉన్న నీటి బిందువులు ఆవిరైపోతాయి. అంటే మా అమ్మాయి గొడుగు మీద పడే వానలో చాలా భాగం పైన మంచుగా బయల్దేరి దారిలో కరిగిందే.

మన మబ్బుల్లో చాలాసార్లు మంచు లేకుండానే, బిందువులు ఒకదాన్నొకటి ఢీకొని చినుకులవుతాయి. అలాగని మనకు మంచే లేదనుకోవద్దు. ఏప్రిల్‌లో బెంగళూరు వడగళ్లు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మొన్న మళ్లీ ఫోన్. "ఒక్క ఊపు ఊపి ఆగింది బాబాయ్. గాలి మళ్లింది, చలి పెరిగింది." కోల్డ్ ఫ్రంట్, అంటే వెనకాల వచ్చే ఆ చలిగాలి అంచు, దాటిపోయిందన్నమాట. బట్టలు ఆరేసుకోమన్నాను.