టర్కీ కోడికి తేనె పూత ఎప్పుడు పూయాలి?

నవంబర్ నాలుగో గురువారం అమెరికాలో థాంక్స్‌గివింగ్. ఆ రోజు అక్కడి కొన్ని తెలుగు ఇళ్లలో కూడా పులిహోర గిన్నె పక్కన టర్కీ కోడి కనిపిస్తుంది. నేను మొదటిసారి వండినప్పుడు, ఓవెన్‌లో పెట్టేముందే కోడి ఒళ్లంతా తేనె పట్టించాను. సగం టైమ్ గడవకముందే చర్మం నల్లగా మాడింది. తొడ దగ్గర మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది.

అరిసెల పాకం పట్టిన వాళ్లకు దీని కారణం వెంటనే అర్థమవుతుంది. నీళ్లు బాగా ఉన్నంతసేపు పాకం వేడి 100 డిగ్రీల సెల్సియస్ (ఇక్కడి లెక్కలన్నీ సెల్సియస్‌లోనే) దరిదాపుల్లోనే ఆగుతుంది. నీళ్లు ఇగిరేకొద్దీ వేడి పైకెక్కి, తీగపాకం ఉండపాకమవుతుంది. ఆ తర్వాత కాసేపు చూపు తిప్పినా మాడుతుంది. తేనెలో నీళ్లు ఐదో వంతు కూడా ఉండవు. అందులో ఎక్కువగా ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర 110 డిగ్రీల దగ్గరే రంగు మారడం మొదలుపెడుతుంది. దీనికి తోడు ఆ చక్కెరలు చర్మంలోని ప్రొటీన్లతో కలిసి గోధుమ రంగు, వేపుడు వాసన పుట్టిస్తాయి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీయ్ మయ్యార్ 1912లో వివరించిన చర్య ఇదే. ఆరు కిలోల టర్కీ 163 డిగ్రీల ఓవెన్‌లో ఉడకడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది. తేనె అంతసేపు ఆగలేదు. అందుకే పూత చివరి అరగంటలోనే, పల్చగా, రెండు మూడు సార్లు పూయాలి.

పూత నిలవాలంటే చర్మం పొడిగా ఉండాలి. ముందు రోజు రాత్రి ఉప్పు రాసి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచితే చాలు. ఉప్పు మొదట నీటిని బయటికి లాగుతుంది. ఆ ఉప్పునీరే మళ్లీ మాంసంలోకి ఇంకి, ప్రొటీన్లు తేమను పట్టి ఉంచేలా చేస్తుంది. నా లెక్కలో ఈ ఒక్క పని ఏ మసాలా కన్నా విలువైనది.

అసలు చిక్కు రొమ్ము, తొడలది. టర్కీ ఎక్కువగా నడిచే పక్షి కాబట్టి తొడల్లో కొలాజెన్ అనే గట్టి పీచు ప్రొటీన్ ఎక్కువ. అది కరిగి జిగురులాంటి జెలటిన్ కావాలంటే 80 డిగ్రీల వేడి, కొంత సమయం కావాలి. పాయా చారు వేళ్లకు అంటుకునేది ఈ జెలటిన్ వల్లే. రొమ్ము మాంసం అంత వేడికి పీచుపీచుగా ఎండిపోతుంది. సురక్షితంగా తినాలంటే అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క 74 డిగ్రీలు. అందుకే రొమ్ము రంగు తిరగగానే దాని మీద అల్యూమినియం ఫాయిల్ కప్పి, థర్మామీటర్ తొడలో ఎముకకు తగలకుండా గుచ్చి చూడండి.

ఆఖర్లో ఫాయిల్ తీసి తేనె పూశాక ఓవెన్ లైట్ వేసి చూస్తూ కూర్చోండి. మొదట చిన్న చిన్న బుడగలు గబగబా లేస్తాయి, అది నీరు పోవడం. తర్వాత బుడగలు పెద్దవై, నెమ్మదించి, జిగురుగా పగులుతాయి. పాకం కుదిరినట్టే, ఇక బయటికి తీసేయండి.