2028 దాకా కాంట్రాక్టు ఉందిగా, ఇంకెక్కడికి వెళ్తాడు?: ఎఫ్1 డ్రైవర్ల జట్టు మార్పులపై అపోహలు - వాస్తవాలు

ఏటా జూన్ వచ్చేసరికి మా స్పోర్ట్స్ డెస్క్‌కు ఒకే రకం ప్రశ్నలు మొదలవుతాయి. ఫలానా డ్రైవరు వచ్చే ఏడాది ఏ జట్టుకు? ఫార్ములా వన్ (ఎఫ్1) కార్ల రేసుల్లో జట్లు మకాం వేసే ప్యాడక్‌లో ఈ కాలాన్ని సిల్లీ సీజన్ అంటారు. 2025లో ఆ ఫలానా డ్రైవరు మ్యాక్స్ వెర్‌స్టాపెన్. రెడ్‌బుల్‌ను వదిలి మెర్సిడెస్‌లో చేరుతున్నాడని రోజుకో కథ వచ్చింది. ఫోన్ చేసేవాళ్లు రెండు వర్గాలు. "2028 దాకా కాంట్రాక్టు ఉంది కదండీ, ఇవన్నీ ఉత్తి పుకార్లే కదా" అని కొందరు. "ఈ రోజుల్లో కాంట్రాక్టుకు విలువేముంది సార్, చిత్తు కాగితం" అని ఇంకొందరు. వాళ్లూ వీళ్లూ చేసే పొరపాటు ఒకటే. కాంట్రాక్టు అంటే చివర్లో ఉండే సంవత్సరం అంకె అనుకుంటున్నారు.

మోటార్ రేసింగ్ వార్తలు రాసేవాడిగా నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఈ అపోహే. దీనివల్ల మనవాళ్లు డబ్బు పోగొట్టుకోవడం దగ్గర నుంచి చూశాను. మిగతావి గబగబా చెప్పేస్తాను, దీని దగ్గర మాత్రం కాసేపు ఆగాలి.

అపోహ: ఫలానా సంవత్సరం దాకా సంతకం పెట్టాడంటే అప్పటిదాకా అక్కడే ఉంటాడు.

వాస్తవం: ప్రకటనలో కనిపించే సంవత్సరం గరిష్ఠ గడువు మాత్రమే. దాని వెనకాల పేజీలకు పేజీలు షరతులుంటాయి. మన ఇంటి అద్దె అగ్రిమెంటులో పదకొండు నెలలని రాసి ఉన్నా, కింద నెల ముందు నోటీసిస్తే ఖాళీ చేయొచ్చన్న మాట ఉంటుంది చూడండి, ఇదీ అంతే. డ్రైవరు వైపు నుంచి ఎగ్జిట్ క్లాజులు, అంటే మధ్యలో వెళ్లిపోయే షరతులుంటాయి, జట్టు వైపు నుంచీ ఉంటాయి. పెద్ద డ్రైవర్ల కాంట్రాక్టుల్లో సాధారణంగా కనిపించేది పెర్ఫార్మెన్స్ క్లాజు. ఫలానా తేదీకి పాయింట్ల పట్టికలో ఫలానా స్థానం కన్నా కింద ఉంటే డ్రైవరు బయటికి వెళ్లిపోవచ్చు. జట్టు మంచి కారు ఇవ్వకపోతే డ్రైవరు ఇరుక్కుపోకుండా కాపాడేది అదే.

సెబాస్టియన్ వెటెల్‌ను గుర్తు తెచ్చుకోండి. రెడ్‌బుల్‌తో వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచాడు, ఇండియాలో జరిగిన మూడు గ్రాండ్ ప్రీలూ అతనివే. 2015 చివరిదాకా కాంట్రాక్టు ఉంది. అయినా 2014 అక్టోబరులో జపాన్ సుజుకా రేసు వారాంతంలో, ఈ ఏడాదితో వెటెల్ వెళ్లిపోతున్నాడని రెడ్‌బుల్ ప్రకటించింది. ఫెరారీకి వెళ్లాడు. ఆ ఏడాది కారు దెబ్బతీసింది, క్లాజు తలుపు తీసింది.

లూయిస్ హామిల్టన్‌ది ఇంకా పెద్ద షాక్. 2023 ఆగస్టు 31న మెర్సిడెస్‌తో 2025 దాకా కొత్త కాంట్రాక్టు ప్రకటించారు. నిండా ఆరు నెలలు కూడా కాకుండానే, 2024 ఫిబ్రవరి 1న, 2025 నుంచి ఫెరారీకి వెళ్తున్నట్టు ప్రకటన వచ్చింది. మన దగ్గర ఆ రోజు కేంద్ర మధ్యంతర బడ్జెట్. డెస్కులన్నీ ఆ పనిలో తలమునకలుగా ఉన్నాయి. నా ఫోన్‌కు మాత్రం వేరే టెన్షన్. "ఇది ఫేక్ కదా అన్నా, రెండేళ్లకు సంతకం పెట్టాడు కదా" అని ఒకరి తర్వాత ఒకరు. అధికారిక ప్రకటన వచ్చేసరికి మనకు రాత్రి బాగా పొద్దుపోయింది. మెర్సిడెస్ తన ప్రకటనలోనే చెప్పింది, కాంట్రాక్టులో ఉన్న రిలీజ్ ఆప్షన్‌ను హామిల్టన్ వాడుకున్నాడని. అంటే ఎవరూ మాట తప్పలేదు. రెండేళ్ల కాంట్రాక్టులో ఏడాది తర్వాత వెళ్లే దారి మొదటి రోజు నుంచే రాసి ఉంది. అభిమానులకు తెలిసింది రెండేళ్లన్న మాట ఒక్కటే.

జట్టు వైపు నుంచి ఎలా తెగుతుందో కూడా చూడాలి. 2024 జూన్‌లో సెర్జియో పెరెజ్‌కు రెడ్‌బుల్ 2026 దాకా పొడిగింపు ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో ఇద్దరూ విడిపోయారు. డానియల్ రికియార్డోకు మెక్‌లారెన్‌తో 2023 దాకా ఉంటే, 2022 ఆగస్టులోనే ఏడాది ముందు తెంచేసుకున్నారు. ఇలాంటి సందర్భాల్లో పరిహారం మాట్లాడుకుంటారు. సీటు మాత్రం పోతుంది.

ఇక వెర్‌స్టాపెన్ సంగతి. 2022 మార్చిలో 2028 చివరిదాకా సంతకం పెట్టాడు. కాంట్రాక్టు కాపీని ఎవరూ బయటపెట్టరు. కానీ ప్యాడక్‌లో తిరిగే రిపోర్టర్లు చాలామంది రాసింది ఒకటే: 2025 వేసవి విరామం నాటికి డ్రైవర్ల పట్టికలో మొదటి మూడు స్థానాల్లో లేకపోతే అతను బయటికి వెళ్లొచ్చు. ఇది తెలిసినవాడు ఆ జులైలో చూడాల్సింది పాయింట్ల పట్టిక. బెల్జియం స్పా రేసు ముగిసేసరికి వెర్‌స్టాపెన్ 185 పాయింట్లతో మూడో స్థానంలో ఉన్నాడు. నాలుగో స్థానంలో మెర్సిడెస్ డ్రైవరు జార్జ్ రసెల్‌కు 157. తేడా 28. విరామానికి ముందు మిగిలింది హంగరీ ఒక్కటే, అక్కడ అదనపు పాయింట్లిచ్చే చిన్న రేసు, స్ప్రింట్, లేదు, గెలిచినవాడికి వచ్చేది 25. రసెల్ గెలిచినా, వెర్‌స్టాపెన్‌కు సున్నా వచ్చినా, మూడో స్థానం కదలదు. అంటే ఆ ఆదివారం రాత్రే క్లాజు తలుపు మూసుకుపోయింది. కూడిక, తీసివేత వస్తే చాలు, ఏ ఇన్‌సైడ్ న్యూసూ అక్కర్లేదు. నాలుగు రోజుల తర్వాత, జులై 31న, హంగరీలో వెర్‌స్టాపెన్ 2026లో రెడ్‌బుల్‌లోనే ఉంటానని చెప్పాడు.

ఈ ఒక్క లెక్క తెలియక మా బంధువుల కుర్రాడు నష్టపోయాడు. గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ చదువుతున్నాడు, నన్ను బాబాయ్ అంటాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద ఫార్ములా ఈ విద్యుత్ రేసు కార్లు తిరిగినప్పుడు నాతోపాటు వచ్చి, అప్పటి నుంచీ రేసింగ్ అంటే ప్రాణం పెట్టాడు. అలాంటి కుర్రాళ్లు ఆ రేసు తర్వాత నాకు చాలామంది పరిచయమయ్యారు. ఇతను ఏదో టెలిగ్రామ్ చానల్లో చేరాడు. మెర్సిడెస్ ప్రకటన హంగరీలోనే వస్తుంది, మాకు లోపలి మనిషి చెప్పాడు, 2028 కాంట్రాక్టు చెల్లని కాగితం అని అందులో ఊదరగొట్టారు. సెమిస్టర్ ఫీజు కోసం ఇంట్లో ఇచ్చిన డబ్బులో కొంత పందెం పెట్టాడు. అదీ స్పా రేసు అయిపోయాక. నాకు ఫోన్ చేసేసరికి గొంతు పెగలడం లేదు. "బాబాయ్, నాన్నకు చెప్పొద్దు" అంటాడు.

నేను తిట్టలేదు. పందొమ్మిదేళ్ల వాడు, అభిమానించే డ్రైవరు పేరు చెప్పి మోసం చేస్తే పడిపోయాడు. వాళ్ల నాన్నకు మాత్రం చెప్పించాను, పక్కన నేనే కూర్చుని. నా కోపమంతా ఆ చానల్ నడిపేవాళ్ల మీద. వాళ్లకు తెలుసు, క్లాజు గడువు అయిపోయిందని. తెలిసే ఆ పిల్లల దగ్గర డబ్బు తీసుకున్నారు. ఇంకో సంగతి కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి పందెం కాయడంపై నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డ్రైవరు ఏ జట్టుకు వెళ్తాడన్నది క్రీడా నైపుణ్యం కాదు, దాని మీద పెట్టే డబ్బు పందెం డబ్బే.

అపోహ: సరే, అయితే కాంట్రాక్టుకు విలువే లేదన్నమాట.

వాస్తవం: ఉంది, బలంగా ఉంది. 2022 వేసవి చూడండి. ఆగస్టు 1న ఫెర్నాండో అలోన్సో ఆల్పైన్ వదిలి ఆస్టన్ మార్టిన్‌కు వెళ్తున్నట్టు ప్రకటన వచ్చింది. మర్నాడు ఆల్పైన్ జట్టు, ఆ సీటు తమ రిజర్వ్ డ్రైవరు ఆస్కార్ పియాస్ట్రీకి ఇస్తున్నట్టు ప్రకటించింది. కొన్ని గంటల్లోనే పియాస్ట్రీ, నేను సంతకం పెట్టలేదు, వచ్చే ఏడాది ఆల్పైన్‌కు నడపను అని బహిరంగంగా చెప్పేశాడు. విషయం కాంట్రాక్ట్ రికగ్నిషన్ బోర్డు దగ్గరికి వెళ్లింది. ఒక డ్రైవరుపై రెండు జట్లు హక్కు చెప్పుకుంటే ఎవరి కాంట్రాక్టు చెల్లుతుందో తేల్చేది ఈ బోర్డే. చెల్లేది పియాస్ట్రీకి మెక్‌లారెన్‌తో జులై 4న జరిగిన కాంట్రాక్టు ఒక్కటేనని సెప్టెంబరు 2న ఏకగ్రీవంగా తీర్పు వచ్చింది. ఆల్పైన్ దగ్గర ఎన్ని ఆశలున్నా, ఎంత ఖర్చు పెట్టి పెంచినా, రాతలో లేనిది నిలబడలేదు. చిత్తు కాగితం అనేవాళ్లు ఈ తీర్పు ఒకసారి చదవాలి.

అపోహ: ఇద్దరూ ఒకే చోట కనిపించారంటే డీల్ అయిపోయినట్టే.

2025 జులైలో సార్డీనియా దగ్గర వెర్‌స్టాపెన్, మెర్సిడెస్ బాస్ టోటో వోల్ఫ్ పడవలు ఒకే ప్రాంతంలో ఉన్నాయని ఫొటోలు తిప్పారు. దాని మీద వచ్చిన విశ్లేషణలు చదివి నాకు విసుగొచ్చింది. సార్డీనియా తీరానికి ఎండాకాలంలో యూరప్ డబ్బున్నవాళ్లందరూ వస్తారు. ఈ రోజుల్లో కోట్ల యూరోల కాంట్రాక్టు మాట్లాడుకోవడానికి పడవలు పక్కపక్కన ఆపక్కర్లేదు, లాయర్లు, మేనేజర్లు ఉన్నారు. అయితే పుకారుకు ఆధారమే లేదని కూడా అనను. హామిల్టన్ వెళ్లిపోయిన దగ్గర నుంచీ వోల్ఫ్ వెర్‌స్టాపెన్ మీద ఆసక్తిని దాచుకోలేదు. రసెల్ కాంట్రాక్టు 2025తో ముగియాల్సి ఉండేది, వెర్‌స్టాపెన్‌తో మాటలు నడుస్తున్నాయని ఆస్ట్రియాలో రసెల్ స్వయంగా అన్నాడు. వార్త అంటే అదీ, పేరున్న మనిషి కెమెరా ముందు చెప్పింది. చివరికి అక్టోబరు 15న 2026కు రసెల్, కిమీ ఆంటొనెల్లీలనే మెర్సిడెస్ ఖాయం చేసింది.

అపోహ: ఎవరు ఎక్కువ డబ్బిస్తే అటే పోతాడు.

ఈ స్థాయిలో డబ్బు ఎవరైనా ఇస్తారు. డ్రైవరు చూసేది కారు, ఇంజిన్. 2012 సెప్టెంబరులో హామిల్టన్ మెక్‌లారెన్ వదిలి మెర్సిడెస్‌కు వెళ్తానంటే చాలామంది పెదవి విరిచారు. 2014లో కొత్త ఇంజిన్ నిబంధనలు వచ్చాక మెర్సిడెస్‌ను ఏళ్ల తరబడి ఎవరూ అందుకోలేకపోయారు. 2026కు మళ్లీ ఇంజిన్ నిబంధనలు మార్చారు, శక్తిలో దాదాపు సగం విద్యుత్ నుంచి రావాలి. రెడ్‌బుల్‌కు ఇంజిన్లు ఇచ్చిన హోండా ఆస్టన్ మార్టిన్ వైపు వెళ్లింది, రెడ్‌బుల్ ఫోర్డ్‌తో కలిసి సొంత ఇంజిన్ చేస్తోంది. దానికితోడు కార్ల డిజైనర్ ఏడ్రియన్ న్యూయీ రెడ్‌బుల్ వదిలి ఆస్టన్ మార్టిన్‌లో చేరాడు, 2025 జులై 9న రెడ్‌బుల్ బాస్ క్రిస్టియన్ హార్నర్‌ను తప్పించి లారెంట్ మెకీస్‌కు జట్టు అప్పగించారు. ఇన్ని మారుతున్నప్పుడు నాలుగుసార్ల చాంపియన్ భవిష్యత్తు గురించి ప్రశ్న రావడం సహజం. ప్రశ్న వచ్చినంత మాత్రాన జవాబు వచ్చినట్టు కాదు.

అపోహ: జట్టు బాస్‌కు అన్నీ ముందే తెలుసు, ఆయన కొట్టిపారేస్తే అబద్ధమే.

అలోన్సో వెళ్లిపోతున్నట్టు ఆల్పైన్ బాస్‌గా ఉన్న ఒట్మార్ సాఫ్‌నవర్‌కు తెలిసింది ఆస్టన్ మార్టిన్ ప్రకటన చూసే. ఆయనే ఆ మాట చెప్పాడు. ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

అపోహ: పెద్ద డ్రైవరు మారితే మారేది ఆ ఒక్క సీటే.

ఇది నిజమనుకునేవాళ్లు పెద్ద పేరు వైపే చూస్తారు. రెండో డ్రైవరు అభిమానుల ఫోన్లు వచ్చినప్పుడు నాకు నిజంగా జాలేస్తుంది, వాళ్ల గురించి ఎవరూ రాయరు. హామిల్టన్ ఫెరారీకి రావడంతో సీటు పోయింది కార్లోస్ సైన్జ్‌కు. 2024 సీజన్ మొదలుకాకముందే అతనికి ఆ సంగతి తెలుసు. కాకినాడ నుంచి ఒకావిడ, "మా అబ్బాయి సైన్జ్ కోసం అన్నం మానేశాడండీ, వాడికి ఇంకో జట్టు దొరుకుతుందా" అని అడిగారు. దొరుకుతుందని నేను మాటివ్వలేకపోయాను, సీజన్ అయ్యేదాకా చూడమ్మా అన్నాను. ఆ మార్చిలో అపెండిక్స్ ఆపరేషన్ వల్ల సౌదీలోని జెడ్డా రేసుకు దూరమైన సైన్జ్, తర్వాతి రేసు ఆస్ట్రేలియాలో గెలిచాడు. అప్పటికింకా వచ్చే ఏడాదికి సీటు లేదు. జులై 29న విలియమ్స్‌తో ఒప్పందం ప్రకటించారు, అక్టోబరులో మెక్సికోలో మళ్లీ గెలిచాడు. అతను విలియమ్స్‌కు వెళ్లాడు, హామిల్టన్ వదిలిన మెర్సిడెస్ సీటు పద్దెనిమిదేళ్ల ఆంటొనెల్లీకి దక్కింది.