బండికి తప్పనిసరి, మనిషికి?

పంజాగుట్టలో ట్రాఫిక్ పోలీసు బండి ఆపితే లైసెన్స్, ఆర్‌సీతో పాటు ఇన్సూరెన్స్ కూడా చూపించమంటాడు. థర్డ్ పార్టీ బీమా లేని బండి రోడ్డెక్కకూడదని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఆ బండి గుద్దితే దెబ్బతినే ఎదుటి మనిషి కోసం పెట్టిన నిబంధన అది. మరి బండి నడిపే మనిషికి జబ్బు చేస్తే? అందరూ ఆరోగ్య బీమా కొనాలని చట్టం చేయాలా అన్న మాట వచ్చిన ప్రతిసారీ 'ఇందులో బలవంతమేంటి' అనేవాళ్లుంటారు. ఆ బలవంతం మన నగరంలో కొత్తేమీ కాదు.

సనత్‌నగర్‌లో ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, ఆస్పత్రికి వెళ్లి చూడండి. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టంతో మొదలైన ఈ పద్ధతిలో కార్మికుణ్ని ఇష్టమా అని అడగరు, బీమా వాటా జీతంలో కట్ అవుతుంది. 2019 జులై నుంచి కార్మికుడి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. జీతం 20,000 అయితే అతను కట్టేది 150, యజమాని కట్టేది 650. వైద్యం మాత్రం అతని మీద ఆధారపడిన కుటుంబానికి కూడా. వయసెంత, షుగర్ ఉందా అన్నదాన్ని బట్టి వాటా పెరగదు. క్యూలున్నాయి, తిప్పుకుంటారు, నిజమే. కానీ ఆదాయాన్ని బట్టి కట్టడం, అవసరాన్ని బట్టి వైద్యం పొందడం అన్న పద్ధతి న్యాయమైనది. 1883లో జర్మనీలో బిస్మార్క్ కార్మికుల కోసం తెచ్చిన బీమా చట్టం కూడా జీతంలో వాటా మీదే నిలబడింది.

పేదల దారి వేరు. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకుని హైదరాబాద్ చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఆరోగ్యశ్రీతో తెల్ల రేషన్ కార్డే బీమా అయింది, ప్రీమియం ప్రభుత్వానిది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న వైద్య ఖర్చు పరిమితి 10 లక్షలకు పెరిగింది. అయితే బకాయిలు రాలేదని ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపేసిన రోజులూ ఉన్నాయి. ఆ రోజు ఆస్పత్రి గుమ్మంలో నిలబడ్డ మనిషికి కార్డు ఉండి ఏం లాభం?

అమెరికా ప్రభుత్వమైతే జనాన్ని మార్కెట్లో పాలసీ కొనాల్సిందేనంది. 2010 చట్టంలో కొననివాళ్లకు జరిమానా పెట్టింది. అది పన్నులాంటిదేనని 2012లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. 2019 నుంచి ఆ జరిమానా సున్నా.

మన దగ్గర అలాంటి ఆదేశం లాక్‌డౌన్‌లో వచ్చింది. పని మళ్లీ మొదలుపెట్టే సంస్థలు కార్మికులకు మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరిగా చేయించాలని 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ చెప్పింది. అప్పుడు కూడా భారం సంస్థ మీదే పెట్టారు.

తెల్ల కార్డూ ఈఎస్‌ఐ కూడా లేనివాళ్ల సంగతేంటి? కూకట్‌పల్లిలో కిరాణా కొట్టు నడిపేవాళ్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్లు చెప్పేవాళ్లు. దేశంలో ఇలా మధ్యలో మిగిలినవాళ్లు కనీసం 30 శాతం, సుమారు 40 కోట్ల మంది అని నీతి ఆయోగ్ 2021లో లెక్కగట్టింది. వీళ్లకున్నది 1986లో మెడిక్లెయిమ్‌తో మొదలైన మార్కెట్ దారి. అక్కడ వయసుతో పాటు ప్రీమియం పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ పోయింది, అది ఊరటే. కానీ అరవై దాటి, బీపీ ఉన్న మనిషిని ఆ ధరకు కొనితీరాలని శాసిస్తే అది శిక్షే అవుతుంది. తప్పనిసరి చేయాలంటే ఈఎస్‌ఐలా ఆదాయంలో వాటాగా చేయాలి. అందుకు ముందు ఈఎస్‌ఐ తలుపు వెడల్పు చేయాలి. 2017 జనవరిలో 15,000 నుంచి 21,000కు పెంచిన జీతం హద్దు ఆ తర్వాత ఏళ్ల తరబడి కదల్లేదు. ఇంక్రిమెంటుతో ఆ హద్దు దాటినవాళ్లు, వాటా కట్టే ఆ విడత ముగియగానే, ఇంటిల్లిపాదితో సహా బయట పడ్డారు.