ఈవ్ వదిలిన ఆఖరి రాయి

పిల్లలూ,

టీవీలో వింటర్ ఒలింపిక్స్ చూస్తూ "వీళ్లు ఐస్‌ని ఎందుకు ఊడుస్తున్నారు తాతయ్యా?" అని అడిగారు. అప్పుడు రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. కానీ నాకు ఇంత ఇష్టమైన ఆట గురించి అంత తక్కువ చెప్పడం మనసుకు నచ్చలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కర్లింగ్ స్కాట్లాండ్‌లో పుట్టింది. ఆడే గ్రానైట్ రాయి 20 కిలోలకు కాస్త తక్కువ ఉంటుంది. ఒలింపిక్స్‌లో వాడే రాళ్లకు గ్రానైట్ స్కాట్లాండ్ తీరం దగ్గరున్న ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి నుంచి వస్తుంది. దూరంగా ఐస్ మీద గీసిన వలయాల మధ్యకి ఎవరి రాయి దగ్గరగా ఆగితే పాయింటు వాళ్లదే; అవతలి జట్టు రాళ్లకన్నా దగ్గరగా ఎన్ని రాళ్లుంటే అన్ని పాయింట్లు.

ఆ ఐస్ అద్దంలా నున్నగా ఉండదు. ఆటకి ముందు దాని మీద నీటి చుక్కలు చల్లుతారు. అవి గడ్డకట్టి సన్నని బొడిపెల్లా తేలతాయి, రాయి వాటి మీదే జారుతుంది. పిడిని కాస్త తిప్పి వదిలితే, వేగం తగ్గేకొద్దీ రాయి ఓ పక్కకి వంపు తిరుగుతుంది. రాయి ముందు పరుగెత్తే ఇద్దరు జట్టు సభ్యులు బ్రష్‌తో గట్టిగా రుద్దితే ఐస్ పైపొర కొంచెం వేడెక్కుతుంది. దాంతో రాయి ఇంకాస్త దూరం, ఇంకాస్త తిన్నగా వెళుతుంది. అంటే నెమ్మదిగా వదిలిన రాయిని స్నేహితులు కాపాడగలరు. వేగం ఎక్కువైతే మాత్రం ఎవరూ ఆపలేరు.

నలుగురి జట్టుకి నాయకత్వం వహించే ఆటగాణ్ణి స్కిప్ అంటారు. మామూలుగా ఆఖరి రెండు రాళ్లూ స్కిప్ వదలాలి. ఆ టెన్షన్‌ని ఏళ్ల తరబడి మోసిన అమ్మాయి ఈవ్ మ్యూర్‌హెడ్. 1990లో స్కాట్లాండ్‌లో పుట్టింది. వాళ్ల నాన్న గోర్డన్ కూడా పెద్ద కర్లరే. ఈవ్ 4 సార్లు జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది. 19 ఏళ్లకే వాంకూవర్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ స్కిప్ అయింది. 2013లో ప్రపంచ విజేత, 2014 సోచీలో కాంస్యం.

తర్వాత 2018 ప్యాంగ్‌చాంగ్. జపాన్‌తో కాంస్యం కోసం మ్యాచ్, చివరి ఎండ్ (రెండు జట్లూ తమ రాళ్లన్నీ వేసే ఒక్కో విడతని ఎండ్ అంటారు), చివరి రాయి ఈవ్‌ది. అది అనుకున్నట్టు సాగలేదు. జపాన్ 5-3తో గెలిచింది. వదిలిన రాయిని మళ్లీ ముట్టుకోకూడదు కదా! అది ఎక్కడ ఆగుతుందో చూస్తూ నిలబడాల్సిందే. ఆ క్షణం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ ఏడాదే ఈవ్‌కి తుంటి ఆపరేషన్ కూడా జరిగింది.

2021 ప్రపంచ పోటీల్లో ఒలింపిక్ బెర్తు దొరకలేదు. డిసెంబరులో నెదర్లాండ్స్‌లో జరిగిన ఆఖరి అర్హత పోటీలో గెలిచి 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కి చేరింది. అక్కడ లీగ్‌లో 5 గెలుపులు, 4 ఓటములు. కెనడా, జపాన్‌లవీ అవే అంకెలు. మిగిలినవి రెండు సెమీస్ చోట్లు. ప్రతి మ్యాచ్‌కీ ముందు, ఆఖరి రాయి ఎవరిదో తేల్చడానికి ఒక్కో జట్టూ రాళ్లు వేస్తుంది. అవి వలయాల నడిబొడ్డుకి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఆగాయో కొలుస్తారు. చివరికి ఆ కొలతలే లెక్కలోకి వచ్చాయి. కెనడా ఇంటిదారి పట్టింది. జనం పెద్దగా పట్టించుకోని ఆ రాళ్లనీ శ్రద్ధగా వేసినందుకు ఈ జట్టంటే నాకు మరీ ఇష్టం.

సెమీస్‌లో స్వీడన్ మొదటి ఎండ్‌లోనే 4 పాయింట్లు కొట్టింది. అయినా అదనపు ఎండ్‌లో బ్రిటన్ 12-11తో నెగ్గింది. ఫైనల్లో ఎదురైంది మళ్లీ జపానే. ఈసారి ఏడో ఎండ్‌లో బ్రిటన్‌కి ఒకేసారి 4 పాయింట్లు వచ్చాయి, మ్యాచ్ 10-3తో ముగిసింది. ఆ క్రీడల్లో బ్రిటన్‌కి దక్కిన ఒకే ఒక్క స్వర్ణం అది. ఆ జట్టులోని విక్కీ రైట్ నర్సుగానూ పనిచేసింది.

ఆ ఆగస్టులోనే, 32 ఏళ్ల వయసులో ఈవ్ ఆట మానేసింది. ఈసారి మ్యాచ్ వచ్చినప్పుడు పాయింట్లు చూడకండి. రాయి వదిలాక స్కిప్ ముఖం చూడండి. అది ఆగేలోపు దాదాపు పాతిక సెకన్లు ఉంటాయి.

ప్రేమతో,
మీ తాతయ్య