యాపిల్ పైలో ముక్క ఎందుకు నిలుస్తుంది?

పిండి పొరల మధ్య యాపిల్ ముక్కలు నింపి అవెన్‌లో కాల్చే వంటకం యాపిల్ పై. దాని గురించి అమెరికాలో ఉంటున్న ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "థాంక్స్‌గివింగ్‌కి ఇంట్లోనే యాపిల్ పై చేశాను. వాల్‌నట్లు, కిస్‌మిస్ కూడా వేశాను. ఎర్రగా, తియ్యగా ఉన్న యాపిల్స్ ఏరి మరీ తెచ్చాను. తీరా కోస్తే లోపలంతా గుజ్జు! పుల్లటి పచ్చ యాపిల్స్ వాడాల్సిందని పక్కింటావిడ అంటున్నారు. పులుపుకీ ముక్క నిలవడానికీ సంబంధం ఏమిటండీ?"

చాలా దగ్గరి సంబంధం ఉంది. నిజానికి అది మన వంటింటికి ఎప్పటినుంచో తెలుసు. పులుసు పెట్టేటప్పుడు ముక్కలు ఉడికాకే చింతపండు రసం పోస్తాం. ముందే పోస్తే సొరకాయ ముక్క ఎంతసేపు మరిగినా ఒక పట్టాన మెత్తబడదు. "పులుపు పడితే ముక్క ఉడకదు" అని పెద్దవాళ్ళు చెప్పేది అక్షరాలా రసాయనశాస్త్రం. యాపిల్ పై రహస్యం చాలావరకు ఆ మాటలోనే ఉంది.

పిండి కలపడం, వెన్న చల్లగా ఉంచడం గురించి వీడియోలు బోలెడున్నాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు ఆసక్తి అంతా లోపలి ముక్క మీదే.

యాపిల్ ముక్క అంటే పక్కపక్కన పేర్చిన కణాలు. ఇటుకల మధ్య సిమెంటులాగా ఆ కణాలను అతికించి ఉంచేది పెక్టిన్. కణానికీ కణానికీ నడుమ ఉండే ఈ అతుకు పొర గురించే ఇంటర్ బోటనీలో "మధ్య పటలిక కాల్షియం పెక్టేట్‌తో నిర్మితమై ఉంటుంది" అనే వాక్యాన్ని రెండు మార్కుల కోసం అందరం బట్టీ పట్టాం. ఆ రోజు టీచర్ రెండు గిన్నెల్లో సొరకాయ ముక్కలు ఉడికించి, ఒకదాంట్లో చింతపండు రసం పోసి చూపించి ఉంటే ఆ వాక్యం జన్మలో మరిచిపోయేవాళ్ళం కాదు. వంటింట్లో రోజూ జరిగే ప్రయోగాన్ని తరగతి గదిలోకి తేకపోవడం మన చదువుల్లో నిజంగా పెద్ద లోటు.

పెక్టిన్ ఒక పొడవాటి గొలుసు. గొలుసులో ఒక్కొక్క లింకు గాలక్ట్యురోనిక్ ఆమ్లం అనే చక్కెర జాతి ఆమ్లం. చాలా లింకులకు మిథైల్ గుంపు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల చిన్న తోక) తగులుకుని ఉంటుంది. బాగా వేడెక్కినప్పుడు, ముఖ్యంగా 80 డిగ్రీల సెల్సియస్ దాటాక, సరిగ్గా ఈ మిథైల్ ఉన్న చోట్లే గొలుసు తెగుతుంది. దీన్ని బీటా ఎలిమినేషన్ అంటారు. గొలుసులు తెగితే అతుకు కరిగి, కణాలు విడిపోయి ముక్క గుజ్జవుతుంది. ఈ తెగడం క్షారంలో వేగంగా, ఆమ్లంలో బాగా నెమ్మదిగా జరుగుతుంది. శనగలు తొందరగా ఉడకాలని చిటికెడు వంటసోడా వేసేదీ, పులుసులో ముక్క మొరాయించేదీ ఇందుకే. ఒకే నియమానికి అటు కొస, ఇటు కొస.

ఇప్పుడు యాపిల్స్ సంగతి. పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ. పచ్చగా ఉండే గ్రానీ స్మిత్ రకం పీహెచ్ సుమారు 3.3. ఎర్రటి తియ్యటి డెలిషస్ రకాలది 4కి దగ్గరగా ఉంటుంది. అంకెల్లో తేడా చిన్నదే అయినా పీహెచ్ లెక్క ప్రకారం పచ్చ యాపిల్లో ఆమ్లత్వం నాలుగైదు రెట్లు ఎక్కువ. అవెన్‌లో ఇంచుమించు గంటసేపు కాలినా దాని గొలుసులు చాలావరకు తెగకుండా ఉంటాయి. ఈ రకం 1868లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ దగ్గర మరియా ఆన్ స్మిత్ అనే పెద్దావిడ తోటలో దానంతట అదే మొలిచింది. మన బజారులో ఎర్ర డెలిషస్ రాజ్యమేలడానికి మూలం వేరు. 1916 ప్రాంతంలో శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ హిమాచల్‌లోని కోట్‌గఢ్‌కి ఆ మొక్కలు తెచ్చాడు. కోసుకుని తినడానికి అది మంచి పండు, యాపిల్ పై చేయడానికి మాత్రం పనికిరాదు.

పులుపు ఒక్కటే సర్వస్వం అనుకోకండి. ఇంగ్లండ్‌వాళ్ళు ప్రాణంగా చూసుకునే బ్రామ్లీ యాపిల్ పరమ పులుపు, అయినా వేడి తగిలితే నురగలా విచ్చుకుపోతుంది. వాళ్ళకి పైలో అదే ఇష్టం. కణాల గోడల అల్లిక యాపిల్ రకాన్ని బట్టి మారుతుంది.

మీ దగ్గర తియ్యటి యాపిల్సే ఉంటే ఒక చక్కని ఉపాయం ఉంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ముచ్చటగొలిపే ఘట్టం ఇదే. ముక్కల్ని చక్కెర, నిమ్మరసంతో కలిపి, మూతపెట్టి, సన్న సెగ మీద 60 నుంచి 70 డిగ్రీల మధ్య ఓ ఇరవై ముప్పై నిమిషాలు ఉంచండి. థర్మామీటర్ ఉంటే మంచిది. యాపిల్లోనే పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంది. ఆ వెచ్చదనంలో అది చురుగ్గా పనిచేసి గొలుసుకున్న మిథైల్ గుంపుల్ని ఊడగొడుతుంది. దాంతో రెండు లాభాలు. మిథైల్ లేని చోట గొలుసు తెగదు. పైగా అక్కడ రుణావేశం మిగులుతుంది, పండులోనే ఉన్న కాల్షియం అయాన్లు వచ్చి ఒక గొలుసును పక్కదానికి ముడివేస్తాయి. ఆ తరవాత అవెన్ ఎంత వేడెక్కినా ముక్క నిలుస్తుంది. బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకనని మొండికేసినప్పుడు అడ్డం పడేదీ ఈ కాల్షియమే. ఆగ్రా పేఠా అనే మిఠాయి కోసం బూడిద గుమ్మడి ముక్కల్ని సున్నపు తేటలో నానబెట్టేది కూడా దాని కోసమే. సెగ పెంచేసి 80 దాటించారంటే ఎంజైమ్ చచ్చిపోతుంది, ఉపాయం పారదు.

ముందుగా వెచ్చబెట్టడం వల్ల ఇంకో మేలుంది. యాపిల్ ఘనపరిమాణంలో దాదాపు నాలుగో వంతు గాలి, అందుకే నీళ్ళలో తేలుతుంది. అవెన్‌లో ఆ గాలి పోయి ముక్కలు కుంగితే, అప్పటికే గట్టిపడిన పై పొరకీ పండుకీ మధ్య ఖాళీ గుహ మిగులుతుంది. ముందే కుంగిపోతే ఆ గుహ ఏర్పడదు.

ముక్కలు గోధుమరంగుకి తిరిగితే కంగారు పడకండి. యాపిల్లో ఇనుము ఎక్కువ, అదే తుప్పు పడుతోందని మనవాళ్ళలో గట్టి నమ్మకం. వంద గ్రాముల యాపిల్లో ఉండే ఇనుము 0.1 మిల్లీగ్రాము చిల్లర, అంతే. రక్తం తక్కువైన పిల్లలకి ఈ నమ్మకంతో యాపిల్ తినిపించి సరిపెట్టేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. రంగు మారడానికి కారణం పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్. నిమ్మరసం దాన్ని అణిచేస్తుంది.

ఇక కిస్‌మిస్. ద్రాక్షలో నీరు 80 శాతం, కిస్‌మిస్‌లో 15 శాతమే. మిగతాది చాలావరకు చక్కెర. యాపిల్ వదిలిన రసాన్ని అవి దాహంగా పీల్చుకుంటాయి. అందుకే ముందుగా నానబెట్టొద్దు, ఆ పని పైలోనే జరగనివ్వండి. 14వ శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో రాసిపెట్టిన యాపిల్ పై తయారీలో అంజూరాలూ కిస్‌మిస్సూ ఉన్నాయి, చక్కెర మాట లేదు. తీపి ఆ పండ్లదే.

వాల్‌నట్ దాదాపు మూడింట రెండు వంతులు కొవ్వు. ముందు వేయించి, సగం పొడి చేసి అడుగు పొర మీద పరచండి. కారే రసాన్ని అది కొంత పట్టుకుంటుంది, అడుగు మెత్తబడదు.

అవెన్‌లోంచి తీసిన పైని మూడు నాలుగు గంటలు ముట్టుకోకండి. ముక్కల్లోంచి రసంలోకి దిగిన పెక్టిన్, చక్కెరా పులుపూ తోడై, జామ్ గట్టిపడే పద్ధతిలోనే చల్లారాక చిక్కబడుతుంది. వేడిమీద కోస్తే అది ఇంకా పలచని రసమే, పళ్ళెంలోకి కారిపోతుంది.