ఫ్రీ కాదు, అవైలబుల్ చూడండి

పిల్లలూ,

కంప్యూటర్ నెమ్మదించగానే ఫొటోలు, వీడియోలు డిలీట్ చేస్తూ కూర్చుంటున్నారు. పాపం, ఆ ఫొటోల తప్పేమీ లేదు. అవి ఉండేది డిస్క్‌లో. వాటిని తీసేస్తే డిస్క్‌లో చోటు వస్తుందే కానీ, ర్యామ్‌లో ఒక్క ఎంబీ కూడా మిగలదు. ర్యామ్ అంటే నడుస్తున్న ప్రోగ్రాంలు పనిచేసుకునే తాత్కాలిక మెమరీ. తీసేసే ముందు అసలు ఇరుకు ఎక్కడుందో చూడాలి.

విండోస్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్‌కి వెళ్లి మెమరీ మీద నొక్కండి. 8 జీబీ కంప్యూటర్‌లో ‘ఇన్ యూజ్’ 5.1, ‘అవైలబుల్’ 2.7, ‘క్యాష్డ్’ 2.5 అని కనిపించిందనుకోండి. నిజంగా ఏమీ లేకుండా ఖాళీగా ఉన్నది చాలా కొంచెమే. అయినా టెన్షన్ పడనక్కర్లేదు. ఇందాక వాడిన ఫైళ్లను మళ్లీ అడుగుతారేమోనని విండోస్ ర్యామ్‌లోనే అట్టిపెడుతుంది. అదే క్యాష్. కొత్త ప్రోగ్రాం చోటు అడిగితే అందులోంచే తీసి ఇస్తుంది. అలా ఇవ్వగలిగిన చోటు కూడా అవైలబుల్‌లో కలిసే ఉంటుంది, అందుకే మీరు చూడాల్సిన అంకె అదే. లైనక్స్‌లో ‘ఫ్రీ’ కమాండ్ ఇచ్చినా ఇంతే, ‘ఫ్రీ’ నిలువు వరుసను చూసి బెంగపడకండి, చివరనున్న ‘అవైలబుల్’ చూడండి. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్ తెరిస్తే మెమరీ ప్రెషర్ గ్రాఫ్ ఉంటుంది. అది పచ్చగా ఉంటే చాలు.

ర్యామ్ క్లీన్ చేస్తామనే ప్రోగ్రాంల జోలికి మాత్రం వెళ్లొద్దు, గట్టిగా చెబుతున్నాను. అవి చాలావరకు, నడుస్తున్న ప్రోగ్రాంల దగ్గరున్న మెమరీని బలవంతంగా ఖాళీ చేయిస్తాయి. అంకె బాగా కనిపిస్తుంది. కాసేపటికి ఆ ప్రోగ్రాంలకే అది మళ్లీ కావాలి, ఒక్కోసారి డిస్క్ నుంచి తెచ్చుకోవాలి. ఉన్న వేగం కాస్తా పోతుంది.

అవైలబుల్ నిజంగానే అడుగంటితే విండోస్ కొంత సరుకును డిస్క్ మీదున్న పేజ్ ఫైల్‌లోకి తరలిస్తుంది. ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ అయినా సరే, ర్యామ్ వేగం ముందు డిస్క్ చాలా వెనక. మౌస్ కదిలీ కదలక మొరాయించేది అప్పుడే. అలాంటప్పుడు టాస్క్ మేనేజర్‌లోనే ప్రాసెసెస్‌కి వెళ్లి ‘మెమరీ’ అన్న శీర్షిక మీద నొక్కండి, ఎక్కువ తినేవి పైకి వస్తాయి. చాలాసార్లు పైన కూర్చునేది బ్రౌజరే! చదవడం అయిపోయిన ట్యాబ్‌లు మూసేయండి. కంప్యూటర్ ఆన్ చేయగానే వాటంతటవే లేచే ప్రోగ్రాంలను స్టార్టప్ యాప్స్‌లో ఆపేయండి. ఇన్ని చేసినా రోజూ ఇదే పరిస్థితి అయితే ర్యామ్ పెంచాల్సిందే. కాకపోతే కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చడం కుదరదు. కొనేముందు మోడల్ వివరాలు చూసుకోండి.

ఇంకొకటి. ‘ఎండ్ టాస్క్’ (ప్రోగ్రాంను బలవంతంగా ఆపే టాస్క్ మేనేజర్ మీట) నొక్కేముందు రాసుకున్నది సేవ్ చేశారో లేదో చూడండి. అది సేవ్ చేయమంటారా అని అడగకుండానే మూసేయొచ్చు.

మీ తాతయ్య