"అంతర్జాతీయ పరిశోధనల ప్రకారం..." : ప్రీస్కూల్ అపోహలు - వాస్తవాలు

అడ్మిషన్ల కాలం వస్తే కరపత్రాల మీద "అంతర్జాతీయ పరిశోధనల ప్రకారం" అన్న మాట తప్పకుండా కనిపిస్తుంది. ఆ పరిశోధనల్లో చాలావరకు నిజమైనవే. ఎంతమంది పిల్లలతో చేశారు, రోజుకు ఎన్ని గంటలు, ఎవరు చదువు చెప్పారు అన్నవి మాత్రం కరపత్రంలో ఉండవు. అసలు సంగతంతా వాటిలోనే ఉంది.

అపోహ: ప్రీస్కూల్ మీద పెట్టిన ఒక్క డాలరు 17 డాలర్లై తిరిగొస్తుంది. కాబట్టి ఏ ప్రీస్కూలైనా మేలే.

వాస్తవం: ఆ 17 అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఇప్సిలాంటీ అనే ఊళ్లో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం లెక్క. పిల్లలు 123 మందే, అందరూ పేద నల్లజాతి కుటుంబాలవాళ్లు. 58 మందికి ప్రీస్కూల్ ఇచ్చారు, 65 మందికి ఇవ్వలేదు. అందరినీ నలభై ఏళ్ల వయసు దాకా గమనించారు. ఐదారుగురు పిల్లలకు శిక్షణ పొందిన ఒక టీచర్. రోజూ ఉదయం రెండున్నర గంటల బడి. వారానికోసారి టీచరే ఇంటికెళ్లి తల్లితో, బిడ్డతో గంటన్నర గడిపేది. ఐక్యూలో వచ్చిన పెరుగుదల కొన్నేళ్లకే చెరిగిపోయింది. నిలిచింది హైస్కూల్ పూర్తిచేయడంలో, సంపాదనలో, నేరాలకు దూరంగా ఉండటంలో వచ్చిన తేడా. ఆ 17 డాలర్లలో సింహభాగం నేరాలు తగ్గి మిగిలిన సొమ్మే. నలభైమందిని ఒక్క టీచరుకు అప్పగించిన గదికి ఈ లెక్క అంటగట్టడం అన్యాయం.

అమెరికాలోనే టెనెసీ రాష్ట్రంలో ప్రభుత్వ ప్రీస్కూళ్లలో సీట్లు చాలక లాటరీ తీశారు. సీటు వచ్చినవాళ్లు మొదట్లో ముందున్నారు. ఆరో తరగతికి వచ్చేసరికి సీటు రానివాళ్ల కంటే వెనకబడ్డారని 2022లో ఫలితాలు వచ్చాయి. అదే తమిళనాడులో, అంగన్‌వాడీకి సగం రోజు పనిచేసే ఒక మనిషిని అదనంగా ఇచ్చి చూశారు. పోషణ, రికార్డుల పని పంచుకునే చేయి దొరకడంతో చదువు చెప్పే సమయం రెట్టింపైంది, పిల్లల భాషా, లెక్కలూ మెరుగయ్యాయి. అందుకే బడి చూడ్డానికి వెళ్తే ఏసీ గురించి కాదు, గదిలో పిల్లలెందరు, పెద్దవాళ్లెందరు అని అడగండి. ఓ పావుగంట నిలబడి, టీచర్ ఒక్కో బిడ్డతో విడిగా ఎన్నిసార్లు మాట్లాడిందో లెక్కపెట్టండి.

అపోహ: నాలుగేళ్లకే రాయడం మొదలుపెడితే పిల్లలు ముందుంటారు.

వాస్తవం: న్యూజిలాండ్‌లో ఐదేళ్లకు చదవడం మొదలుపెట్టినవాళ్లనూ, ఏడేళ్లకు మొదలుపెట్టినవాళ్లనూ పోల్చారు. పదకొండేళ్ల వయసుకు చదివే వేగంలో తేడా లేదు. (రెండో గుంపు పిల్లలు వేరే తరహా బళ్లవాళ్లు. కాబట్టి దీన్నే తుదిమాట అనుకోకూడదు.) మన దగ్గర తెలంగాణ, రాజస్థాన్, అస్సాంలలో 2011 నుంచి సుమారు 14,000 మంది నాలుగేళ్ల పిల్లలను వెంబడించిన అధ్యయనంలో, ఐదేళ్లకు కూడా బడికి సిద్ధమైనవాళ్లు తక్కువే. ప్రైవేటు ప్రీస్కూళ్లలో ఎక్కువగా కనిపించింది రాతపనీ, బట్టీయే.

తెలుగు అక్షరాలకు వంపులు ఎక్కువ. వేళ్లలో పట్టు రాకముందే పెన్సిల్ ఇస్తే బిడ్డ గట్టిగా నొక్కి పట్టుకుంటుంది, అర పేజీకే చెయ్యి నొప్పెడుతుంది, ఆ పట్టు తర్వాత మార్చడం కష్టం. ముందు చపాతీ పిండి పిసకనివ్వండి, కాగితాలు చింపనివ్వండి, ఇసుకలో వేలితో సున్నాలు చుట్టనివ్వండి. "క-మ-ల" అని చప్పట్లు కొడుతూ పదాన్ని విడగొట్టే ఆట రోజుకు ఐదు నిమిషాలు చాలు. చదవడానికి అసలు పునాది పదంలోని ధ్వనులను పట్టే ఆ చెవి.

అపోహ: మంచి ఆటవస్తువులు కొనలేని ఇంట్లో బిడ్డ ఎదగదు.

వాస్తవం: జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1980ల చివర్లో, వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పసిపిల్లలతో చేసిన అధ్యయనం ప్రతి తల్లీ తెలుసుకోదగ్గది. ఆరోగ్య కార్యకర్త వారానికో గంట చొప్పున రెండేళ్లు ఇంటికి వచ్చింది. చేతిలో పారేసే సామానుతో చేసిన బొమ్మలు. తనే ఆడించి వెళ్లిపోలేదు, తల్లి చేత ఆడించింది. బొమ్మ ఇంట్లోనే వదిలి, మరుసటి వారం ఇంకొకటి తెచ్చింది. ఇరవై రెండేళ్ల వయసుకు ఆ పిల్లల సంపాదన, అలా ఆడించనివాళ్ల కంటే 25 శాతం ఎక్కువ. పాలపొడి మాత్రమే అందుకున్నవాళ్లకు సంపాదనలో ఆ లాభం నిలవలేదు. అక్కడే జరిగిన మరో పరిశీలనలో పదిహేను రోజులకోసారి వెళ్తే ఫలితం తగ్గింది, నెలకోసారైతే దాదాపు లేదు. ఇక్కడ మోతాదే మందు. ఇలాంటి పథకాలు నీరుగారేదీ ఇక్కడే: సందర్శనలు పలచబడతాయి, కార్యకర్త తల్లికి ఉపన్యాసం ఇచ్చి వెళ్తుంది.

అపోహ: వీడియోలు చూస్తే భాష వస్తుంది.

వాస్తవం: తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు 12 సార్లు మాండరిన్ (చైనా భాష) వినిపించారు. ఎదురుగా కూర్చున్న మనిషి నుంచి విన్నవాళ్లు ఆ భాష ధ్వనుల తేడా పట్టారు. అదే మనిషిని టీవీలో చూసినవాళ్లు పట్టలేదు.

అపోహ: ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లిష్ దెబ్బతింటుంది, మాటలు ఆలస్యమవుతాయి.

వాస్తవం: డాలస్‌లో ఉన్నా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నా, మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి. రెండు భాషల మధ్య పెరిగే బిడ్డకు ఒక్కోదాంట్లో మాటలు తక్కువ కనిపించొచ్చు. రెండింటివీ కలిపి లెక్కపెట్టాలి. అలా కలిపినా రెండేళ్లు నిండేసరికి యాభై మాటలు లేకపోయినా, "అమ్మ రా" లాంటి రెండు మాటల జత కట్టకపోయినా భాష మార్చకండి, ముందు వినికిడి పరీక్ష చేయించండి.